‘పెళ్ళి’ అంటే కొండెక్కే ఊరు

కురిదాని లోయలో ఉన్నమాట ఉన్నట్టు చెప్పే మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. ఇది తిట్టు కాదు, వాళ్ళ బతుకుతెరువు. ఇగా కొండల మధ్య ఇరుక్కున్న నలభై గడపల ఊరది. పొలాలు అరచేతంతేసి, వాటిలో పండే కొర్రలూ ఊదలూ ఏడు నెలలకి మించి రావు. అందుకని మగవాళ్ళలో సగంమంది షినోబి పనికి పోతారు. ఒక దొర కోసం ఇంకో దొర కోటలో దూరి వేగు చూసి రావడం ఆ పని. తరతరాలుగా అదే చేసి చేసి ఊరంతటికీ ఒక జబ్బు పట్టుకుంది. "వాన వచ్చేలా ఉంది" అని ఒకడంటే రెండోవాడు ఆకాశం వంక చూడడు, అన్నవాడి చేతుల వంక చూస్తాడు. "గంజి తాగావా?" అని అడిగితే "ఎవరు కనుక్కోమన్నారు?" అని జవాబు వస్తుంది.

అలాంటి చోట పుట్టి, ఇరవయ్యేడేళ్ళు ఆ జనం మధ్యే బతికి, ఇంకా పిచ్చెక్కకుండా ఉందంటే కిసా గట్టి పిండమే. పొద్దున లేచింది మొదలు ఆమెకి విసుగే. బావి దగ్గరికి వెళ్తే తమే అత్త కాపు వేసుకుని ఉంటుంది. "ఏమే, రోజూ ఒక కడవ, ఇవాళ రెండు. ఇంటికెవరొచ్చారేం?" అని ఆరా. ఇంటికొచ్చేసరికి కప్పు మీద ఎవడో చప్పుడు కాకుండా నడవడం సాధన చేస్తుంటాడు. చప్పుడైతే కాదు గానీ, దూలాలకి పట్టిన మసంతా ఉడుకుతున్న గంజిలో రాలుతుంది. "దిగవయ్యా బాబూ, తలుపు తీసే ఉంది!" అని కిసా కేకేస్తే పైనుంచి "మ్యావ్" అని వినబడుతుంది. ఊరు మొత్తానికి ఉన్నది ఒకే పిల్లి. అది అప్పుడు ఆమె ఒళ్ళోనే పడుకుని ఉంటుంది.

కిసా తండ్రి జింగొరో చేసేది గుట్టుమాటల పని. "శత్రువులొచ్చారు" అని అరిస్తే ఆ శత్రువులకీ వినబడుతుంది కదా. అందుకని ఒక్కో సంగతికీ మామూలు మాట ఒకటి పెట్టుకుంటారు. ఒక ఏడు ముల్లంగి అంటే సైన్యం, ఇంకో ఏడు దోమలు అంటే సైన్యం. కొత్త సంవత్సరానికి ముందు జింగొరో కొత్త పట్టిక రాసిస్తే లోయలో ప్రతివాళ్ళూ, ముసలీ ముతకా సహా, బట్టీ పట్టాలి. గుట్టుమాట చెవిన పడితే ఎందుకు ఏమిటి అని అడగకుండా దాని ప్రకారం నడుచుకోవాలి. ఆగి అడిగినవాళ్ళు పూర్వం చచ్చిపోయారట. మూడేళ్ళ కిందట జింగొరోకి చూపు మందగించింది. అప్పట్నుంచీ పట్టిక రాసేది కిసానే. కింద ముద్ర మాత్రం ఆయనది.

ఇప్పుడు ఆమె చేసిన తప్పు చెప్పుకోవాలి.

ఈ కథ జరగడానికి ముందు ఏడాది ఆమెకి మూడు సంబంధాలు వచ్చి మూడూ చెడిపోయాయి. మొదటివాడు మందులమ్మేవాడి వేషంలో పిల్లని చూడటానికొచ్చాడు. కిసా గడపలోనే పోల్చుకుని, "గడ్డం ఎడంపక్క ఊడుతోంది, సరిచేసుకో" అంది. వాడు మళ్ళీ రాలేదు. రెండోవాడి తల్లి, కోడలి పనితనం చూద్దామని వీళ్ళింటి నేలచెక్కల కింద మూడురోజులు దాక్కుంది. అది తెలియక కిసా నేల కడగడానికి మరిగే నీళ్ళు పోసింది. మూడో సంబంధం అన్నీ కుదిరాక, "వాడు నడిస్తే చప్పుడవుతోంది" అని జింగొరోనే తిప్పికొట్టాడు. ఆ సాయంత్రమే మంచు కురుస్తుంటే కిసా కొత్త పట్టిక ముందేసుకుని కూర్చుంది. ఒళ్ళు మండిపోతోంది. ఈ జన్మలో ఈ ఇంట్లో ఎవరికీ అవసరం పడని మాటలేమిటా అని ఆలోచించింది. పెళ్ళి అంటే శత్రువులొచ్చారు, అందరూ కొండెక్కండి అని రాసింది. కోడలు అంటే మందుగుండు. సంబంధం అంటే నిచ్చెన. అల్లుడు అంటే తాడు. చివర్న, కుంచె విరిగేంత గట్టిగా అదిమి, ఇష్టం అంటే పారిపో అని రాసింది. జింగొరో వినకుండానే ముద్ర వేశాడు.

ఆ ఏడు ఊరు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మూడో నెలలో తమే అత్త బావి దగ్గర, "మా చెల్లెలి కూతురి పెళ్ళి..." అని నోరు జారింది. ఇంకేముంది, గంట మోగింది. నలభై గడపలూ కుండలతో, కోళ్ళతో, మంచంలో ఉన్న తాతలతో సహా కొండ మీద తమ మట్టికోటకి ఎక్కాయి. నోరు జారినందుకు తమే అత్త నెలరోజులు గుడిమెట్లు ఊడ్చింది. అయిదో నెలలో ఇంకెవరో అన్నారు. మళ్ళీ కొండ. ఆ తర్వాత ఆ మాటే కాదు, దాని చుట్టుపక్కల మాటలన్నీ జనం మానేశారు. పిల్లనిచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని, "మరి... అది?" "ఏది?" "అదేనండీ, అది" అనుకుంటూ గంటలు గంటలు గడిపి, ఏదీ తేలక లేచిపోయేవాళ్ళు. ఆ ఏడు కురిదానిలో ఒక్క జంట కూడా ఒకటి కాలేదు.

"ఎవడు రాశాడే ఈ పట్టిక? వాడి చేతులు పడిపోనూ!" అని తమే అత్త చీపురు పట్టుకుని తిట్టేది.

"మా నాన్న రాశాడత్తా," అనేది కిసా తల వంచుకుని.

ఇంతకీ ఆ మాట అవసరం పడింది కిసాకే. దానికి కారణం మొసుకే.

మొసుకేకి ముప్ఫై దాటాయి. గోడ ఎక్కడంలో, ఊపిరి బిగబట్టడంలో, ఉన్నచోటే మాయమవడంలో లోయలో అతన్ని మించినవాడు లేడు. తల్లితో పై వీధిలో ఉంటాడు. వేగు పని ముగించుకుని వచ్చినప్పుడల్లా దారిలో విన్న సంగతులు జింగొరోకి చెప్పడానికి వస్తాడు. చెప్పడం అయిపోయినా వెళ్ళడు. గడప మీద కూర్చుంటాడు. ఏదో చెప్పబోతాడు. కిసా టీ పోయడానికి అటు తిరిగి ఇటు తిరిగేసరికి మనిషి ఉండడు. మొదట్లో ఆమె భయపడింది. తర్వాత నవ్వుకుంది. రెండేళ్ళయ్యాక తల ప్రాణం తోకకొచ్చింది.

"మొసుకే, ఆ ఊరగాయ పీపా వెనకాల ఉన్నావని నాకు తెలుసు."

పీపా ఏమీ అనలేదు.

"టీ చల్లారిపోతోంది. మనిషిలా వచ్చి తాగు."

"వస్తానండీ కిసా గారూ," అని పీపా సన్నగా అంది. కానీ రాలేదు. కాసేపటికి ఆమె లేచి వెళ్ళి చూస్తే అక్కడ ఒక పొట్లం మాత్రం ఉంది. విప్పితే ఓమి రేవు పట్నం నుంచి తెచ్చిన చెక్క దువ్వెన. ఎవరికి, ఎందుకు అని ఒక్క ముక్క లేదు. కిసా ఆ దువ్వెన పట్టుకుని, ఇది దువ్వెనేనా లేక దీనికి ఇంకేమైనా అర్థముందా అని రెండురోజులు బుర్ర బద్దలుకొట్టుకుంది. తనకీ ఆ జబ్బే పట్టిందని తెలిసి తననే తిట్టుకుంది. కానీ ఆ దువ్వెనతోనే తల దువ్వుకుంది. మొసుకే అంటే ఆమెకి ఇష్టం. ఆ మాట తనలో తాను అనుకోవడానికి కూడా ఆ ఏడు వీల్లేకుండా చేసుకుంది, అదీ ఆమె కడుపుమంట.

ఎనిమిదో నెల చివర్లో లోయ పెద్ద మగొయెమొన్ గారు అందరినీ పిలిచి ఒక కబురు చెప్పారు. తూర్పున, పన్నెండు రోజుల ప్రయాణంలో ఉన్న ఒక పట్నానికి మొసుకేని ‘గడ్డి’గా పంపుతున్నారు. గడ్డి అంటే పరాయి ఊళ్ళో నాటుకుపోవాలి. పేరు మార్చుకుని, అంగడి పెట్టుకుని, అక్కడివాడిలాగే పదేళ్ళో ఇరవయ్యేళ్ళో బతకాలి. ఉత్తరాలు ఉండవు, రాకపోకలు ఉండవు. పదిరోజుల్లో వచ్చే చామంతి పండుగ మర్నాడే ప్రయాణం. "ఒంటిమగాడిని ఏ ఊరూ నమ్మదు," అన్నారు మగొయెమొన్. "ఇక్కణ్ణుంచి ఎవరినైనా వెంటబెట్టుకుపోతే సరే. పండుగ రోజు పొద్దుగూకేలోపు ఆ పిల్ల పేరు నాకు చెప్పాలి. లేదంటే అక్కడే ఎవరినో ఒకరిని చూసుకుంటాడు."

కిసా ఆ రోజు నుంచి ఎదురుచూసింది. మొసుకే రోజూ వచ్చాడు, రోజూ మాయమయ్యాడు. పీపా వెనక, గడ్డిమోపు లోపల, ఒకసారి ఏకంగా జింగొరో వీపు వెనక. ఆయన చూపు మందం కాబట్టి తెలియలేదు. పండుగ నాటి పొద్దున కిసా చామంతి రేకులు సాకే సారాలో వేస్తూ, మూకుడుతో సహా ఎత్తి నేలకేసి కొడదామా అనుకుంటుంటే వాకిట్లో నీడ పడింది. మొసుకే. మొహం పాలిపోయింది, చెమటలు కారుతున్నాయి.

అతని అవస్థ అతనిది. అడగాల్సిన మాటలన్నీ పట్టికలో చిక్కుపడిపోయాయి. అవి పలికితే ఊరు లేస్తుంది. పలక్కపోతే రేపు ఒంటరిగా పోవాలి. వారంరోజులు నిద్ర మానుకుని ఒక ఉపాయం కనిపెట్టాడు. పట్టికని తిరగేయడం. పెళ్ళి అంటే శత్రువులొచ్చారు అయినప్పుడు, శత్రువులొచ్చారు అంటే పెళ్ళే కదా! ఇలాంటి ఉపాయం కురిదానివాడికి తప్ప ఇంకెవరికీ తట్టదు.

"కిసా గారూ," అన్నాడు, "లోయలోకి శత్రువులొచ్చేశారు."

ఆమె చేతిలో మూకుడు జారిపోయింది. "ఎక్కడ? ఎంతమంది?"

"ఇద్దరేనండీ."

"ఇద్దరేనా?"

"ఇద్దరే ఉంటారు కదండీ మరి. అదీ... మా అమ్మ ఎన్నాళ్ళనుంచో మందుగుండు కావాలి, మందుగుండు కావాలి అని ఏడుస్తోంది. మీ ఇంట్లో ఉంది కదా అని..."

"మా ఇంట్లో మందుగుండా? నీకేమైనా మతిపోయిందా?"

"నిచ్చెన వేద్దామని వచ్చానండీ. మీ నాన్నగారు సరేనంటే నేను ఆయనకి మంచి తాడుగా ఉంటాను." ఒక అడుగు వెనక్కి వేశాడు. "మిమ్మల్ని చూసిన రోజు నుంచీ నాకు ఒకటేనండీ... పారిపోవడం."

అంటూనే మాయమయ్యాడు.

ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడంటే గుట్టుమాట గుర్తుతెచ్చుకునే వ్యవధి కూడా లేనంత ముప్పు వచ్చిందని కిసా లెక్క వేసింది. శత్రువులు ఇద్దరు ముందు నడుస్తున్నారు, మందుగుండు అడిగాడు, నిచ్చెనలన్నాడు, తాడన్నాడు, పారిపొమ్మన్నాడు. గుమ్మం దాటి వీధిలో పడింది. జుట్టు విరబోసుకుని, చెప్పులో కాలు సరిగ్గా పెట్టకుండా, గొంతు చించుకుని "పెళ్ళి! పెళ్ళి! పెళ్ళి!" అని అరుస్తూ గంట దాకా పరిగెత్తింది. ఊరు ఊరంతా కుండలెత్తుకుంది.

మధ్యాహ్నానికి అందరూ కొండ మీద కోటలో ఉన్నారు. మట్టిగోడ వెనక బారులు తీరి కింద లోయ వంక చూస్తున్నారు. లోయలో ఏమీ లేదు. ఎవరో వదిలేసిన మేక ఒకటి ముల్లంగి మడిలో తీరిగ్గా మేస్తోంది. తమే అత్త రొప్పుతూ, "ఈసారి నేను కాదు. అందరూ వినండి, నేను కాదు," అని పదిసార్లు చెప్పింది. ఒక మూల మొసుకే నిలబడ్డాడు. ఉన్న ఒక్క మంచి అంగీ తొడుక్కున్నాడు, మొహం వెలిగిపోతోంది. పక్కన వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. కిసాకి ఏదో తేడాగా అనిపించింది. చావు ముంచుకొస్తుంటే ఈ మనిషి అంగీ మార్చుకోవడమేమిటి?

ఆమె అతని మాటలు ఒక్కొక్కటీ మళ్ళీ తలుచుకుంది. శత్రువులు ఇద్దరే. అమ్మకి మందుగుండు కావాలి. నాన్నకి తాడుగా ఉంటాను. ఆ పట్టిక రాసిన చెయ్యి ఆమెదే కదా, తిరగేయడానికి ఎంతసేపు పడుతుంది? చివరికి ‘పారిపోవడం’ దగ్గరికి వచ్చేసరికి నేల మీద కూర్చుండిపోయింది. రెండేళ్ళుగా పీపాల వెనకా మోపుల లోపలా దాక్కుని అతను చెబుతున్నదంతా అదేనన్నమాట. ఏడుపొచ్చింది. ఆ వెంటనే వాణ్ణి జుట్టు పట్టుకుని నాలుగు వాయించాలనిపించింది. రెండూ నిజమే.

"ఈ కబురు తెచ్చిందెవరు?" అన్నారు మగొయెమొన్ గారు. గొంతు పెంచలేదు, ఆయన ఎప్పుడూ పెంచరు. "నోరు జారడం వేరు. వేగు చూసేవాడు తప్పుడు కబురు తేవడం వేరు. వాడెవడైనా సరే, ఈ క్షణం ఈ కొండ దిగి ఒంటరిగా పోవాలి. మళ్ళీ వాడి మొహం నాకు కనబడకూడదు."

మొసుకే మొహంలో వెలుగు ఆరిపోయింది. ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనేనండీ," అన్నాడు. ఊరంతా చూస్తుండగా, మాయమవకుండా నిలబడి అన్నాడు. "కిసా గారు అరుస్తుంటే ఒప్పుకున్నారనుకున్నాను. తప్పు నాదే."

"దేనికి ఒప్పుకుంది?"

మొసుకే చెప్పాల్సిన మాట పట్టికలో ఇరుక్కుని ఉంది. ఆ ఒక్కమాట లేకపోతే అతను తప్పుడు వేగు. కోట గేటు దాటి ఇప్పుడే పోతాడు, ఇంకో ఊళ్ళో ఇంకో పేరుతో ఇంకెవరినో చేసుకుంటాడు. కిసా లేచింది.

"పెళ్ళికి," అంది.

జనం ఉలిక్కిపడి కుండలెత్తుకున్నారు. ఎత్తుకుని అటూ ఇటూ చూశారు. ఎక్కడానికి ఇంక కొండ లేదు. ఆకాశమే ఉంది. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని కుండలు దించారు.

"పెళ్ళికి, పెళ్ళికి, పెళ్ళికి!" అంది కిసా. "నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. అడగడానికి వీల్లేకుండా ఆ మాటలన్నీ తీసి పట్టికలో పెట్టింది నేనే. మా నాన్న కాదు. మూడు సంబంధాలు పోయాయని కడుపుమండి రాశాను. ఈ ఏడు మీ ఇళ్ళల్లో ఆగిపోయినవన్నీ నా మూలంగానే ఆగిపోయాయి. తమే అత్తా, ఆ మెట్లు నేను ఊడవాల్సింది. మొసుకే అంటే నాకు ఇష్టం. ఇందులో ఏ అర్థమూ లేదు, ఎవరూ వెతక్కండి."

"నా నెలరోజులు!" అంది తమే అత్త నోరు వెళ్ళబెట్టి. "ఓసి నీ దుంపతెగా!"

మగొయెమొన్ గారు కింద మేస్తున్న మేక వంక చూశారు. ఆయనకి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో ఎవరికీ తెలియలేదు. "ఇద్దరి మూలంగా లోయంతా కొండెక్కింది. ఇద్దరూ ఇప్పుడే దిగి, ఆ తూర్పు పట్నానికే పోండి," అన్నారు చివరికి. "అయితే గడ్డిగా పోయేవాళ్ళకి ఇక్కడ వేళ్ళు మిగలకూడదు. మొసుకే తల్లి తన మాట మొన్ననే చెప్పింది. ఈ పిల్ల తరఫు మాట కావాలి. జింగొరో, మూడుసార్లు చెప్పు."

ఆ మాటేమిటో అందరికీ తెలుసు. గడ్డిని ఎవరైనా పట్టుకుని కూపీ లాగుతూ ఈ లోయ దాకా వస్తే, కన్నవాళ్ళ నోట రావాల్సిన మాట అది. ముందే, అందరి ఎదుటా, చెప్పించి పంపుతారు. చెప్పకపోతే పంపరు.

జింగొరో కర్ర ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళకి ఎదురుగా ఉన్నది కిసా అని తెలుస్తోంది, కిసా మొహం మాత్రం తెలియడం లేదు. మూడో సంబంధం ఎందుకు చెడగొట్టాడో ఆ నిమిషంలో కిసాకి తెలిసిపోయింది. అబ్బాయి నడక చప్పుడైనందుకు కాదు. ఈ ఇంట్లో ఆమె నడక చప్పుడు లేకుండా పోతుందని. ఆయన చెప్పననాలని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది. చెప్పాలని కూడా అనిపించింది.

"నాకు కూతురు లేదు," అన్నాడు జింగొరో. గట్టిగానే అన్నాడు.

మగొయెమొన్ గారు ఒక వేలు ముడిచారు.

"నాకు కూతురు లేదు." ఈసారి మెల్లిగా అన్నాడు.

మూడోసారికి ముందు కర్రతో నేలని రెండుసార్లు పొడిచాడు. మొసుకే గేటు దగ్గర, ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డాడు. మగొయెమొన్ గారు కూడా తొందరపెట్టలేదు.

"నాకు కూతురు లేదు," అన్నాడు జింగొరో, మొహం లోయ వైపు తిప్పుకుని. తర్వాత విసుగ్గా, ఇంట్లో రోజూ కసురుకునే గొంతుతోనే అన్నాడు. "లేదని చెప్పాక కూడా నిలబడ్డావేమే? నువ్వు లేచినప్పుడు చెప్పు ఈడ్చుకుంటున్న చప్పుడు విన్నాను. దాని వారు ఊడినట్టుంది. దిగేదారి జారుడు, కట్టుకుని మరీ తగలడు."

కిసా అక్కడే, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పు వారు కట్టుకుంది. ఒక్క ముడి చాలు దానికి. మూడు వేసింది.